కాంట్రా కొంటున్న మేనల్లుడికి

చిన్నా,

ఫొటో చూశాను. నింటెండో వాళ్ల పాత వీడియోగేమ్ మెషీన్ ఎన్ఈఎస్‌లో ఆడే కాంట్రా ఆట క్యాసెట్, అట్టపెట్టెతో సహా, రెండు వందల డాలర్లు, "కొనెయ్యనా మామయ్యా?" అని నీ ప్రశ్న. నువ్వు చదువుకోడానికి ఈ దేశం వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే పట్టిందా ఈ పాత ఆటలు పోగేసే పిచ్చి! అంటించింది నేనే కాబట్టి మీ అమ్మ తిట్లు నాకే పడతాయి. డబ్బు కట్టే ముందు నా మాట కాస్త విను.

ముందు అసలు సంగతి. ఫొటోలో పెట్టె ముందువైపు తప్ప ఇంకేమీ లేదు. వెనకవైపు, పై మూత, అడుగు మూత, లోపలి సామాను, అన్నిటికీ విడివిడిగా ఫొటోలు అడుగు. 1988లో అమెరికాలో ఆ పెట్టె కొన్న పిల్లాడికి అందులో క్యాసెట్, దాని మీద వేసుకునే నల్లటి తొడుగు, చిన్న పుస్తకం, క్యాసెట్ కదలకుండా కింద పెట్టిన తెల్లటి థర్మోకోల్ దిమ్మ వచ్చాయి. క్యాసెట్‌ను దాచుకున్నారు గానీ పల్చటి అట్టపెట్టెను ఎవరు దాస్తారు? చింపి పారేశారు. అందుకే ఇవాళ పెట్టె, పుస్తకం కలిస్తే ఒట్టి క్యాసెట్ కంటే ధర ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ ధర కోసమే ఇంట్లో ప్రింటర్ మీద పెట్టెలు తయారుచేసేవాళ్లు పుట్టుకొచ్చారు. కొత్తగా అచ్చేసిన అట్ట మడతల దగ్గర పాతదానిలా అరగదు, చిన్న అక్షరాలు మసగ్గా ఉంటాయి. అడుగు మూత ఫొటో పంపడానికి అమ్మేవాడు నసిగితే ఆ బేరం వదిలెయ్.

ధరల గురించి. పాత సరుకు అమ్ముకునే సైట్ ఈబేలో జనం పెట్టిన ధరలు చూసి కంగారుపడకు. అక్కడ అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది నొక్కు. ఒకడు ఎనభై డాలర్లు అడుగుతూ నెలల తరబడి అలాగే కూర్చుంటాడు, పక్కన అదే క్యాసెట్ సగానికి పోతూ ఉంటుంది. ప్రైస్‌చార్టింగ్ అనే సైట్ కూడా చూడు. ఒట్టిది ఎంత, పెట్టె పుస్తకంతో కలిపి ఎంత, విప్పనిది ఎంత అని వేరువేరుగా ఇస్తుంది. పేరున్న ఆటైతే ఖరీదెక్కువ అనుకుంటావేమో, అదేం కాదు. కాంట్రా అప్పట్లో అందరూ ఆడిన ఆట, క్యాసెట్లు బోలెడు మిగిలాయి. టైటో వాళ్ల లిటిల్ శాంసన్ 1992లో వచ్చింది. అప్పటికే జనం సూపర్ నింటెండో అనే కొత్త మెషీన్ వైపు వెళ్లిపోయారు, కొన్నవాళ్లు తక్కువ. ఇవాళ దాని ఒట్టి క్యాసెట్టే వెయ్యి డాలర్లు దాటుతుంది. 2021 జూలైలో సీల్ విప్పని సూపర్ మారియో 64 ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయిందని పేపర్లలో చదివే ఉంటావు. కోటికి పైగా అమ్ముడైన ఆట అది! అక్కడ బేరమాడింది ఆట గురించి కాదు, పెట్టె ఎంత కొత్తగా ఉందో చూసే కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో సీలేసి ఇచ్చిన మార్కుల గురించి. ఆ దారి మనకొద్దు.

ఇక దొంగ సరుకు. పదేళ్ల కిందట ఒక ఆదివారం సంతలో చేత్తో పట్టుకు ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ మెషీన్‌కు వచ్చిన మెట్రాయిడ్ జీరో మిషన్ ఆట క్యాసెట్ ముప్పై డాలర్లకు దొరికిందని ఎగిరి గంతేసి తెచ్చాను. ఇంటికొచ్చాక లైటు కింద లేబుల్ ఏటవాలుగా పట్టి చూశాను. అసలుదానికి లేబుల్ మీద రెండంకెల సంఖ్య ఒత్తి ఉంటుంది, సిరా కాదు, కాగితంలో చిన్న గుంట. నాదాని మీద నున్నగా ఉంది. కింద పిన్నుల పైన సర్క్యూట్ బోర్డు మీద నింటెండో అనే పేరూ లేదు. అప్పటినుంచి లైటు కింద వంచి చూడందే జేబులో చెయ్యి పెట్టడం మానేశాను.

నీ కాంట్రా లాంటి పెద్ద క్యాసెట్లయితే విప్పి చూడొచ్చు. వీటికి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి, నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది. విప్పితే నీకు నవ్వొస్తుంది. అంత పెద్ద డబ్బాలో బోర్డు చిన్నది, మిగతాదంతా ఖాళీ! ఆ బోర్డు మీద నింటెండో పేరో, ఆట చేసిన కంపెనీ పేరో అచ్చై ఉండాలి. చిప్పుల మీద చేత్తో అంటించిన స్టిక్కర్లు, తీగలతో అతికిన టంకాలు కనిపిస్తే అనుమానించు.

శుభ్రం చేసేటప్పుడు నోటితో ఊదకు. బెజవాడ ఎండాకాలం సెలవుల్లో గంటకింత అని డబ్బులిచ్చి ఆడుకున్నప్పుడు మేమందరం ఊదినవాళ్లమే, అదేదో మంత్రంలాగా. నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయి. 90 శాతం పైన ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి తుడువు. దూది నల్లగా రావడం ఆగేదాకా తుడిచి, ఆరాక పెట్టు.

ఏ దేశపు కాంట్రా కావాలో కూడా తేల్చుకో. ఎన్ఈఎస్‌కు జపాన్ రూపమైన ఫ్యామికామ్ కాంట్రాలో ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ మధ్య మ్యాప్ వస్తుంది, అడవిలో చెట్లు గాలికి ఊగుతాయి. అమెరికాదాంట్లో అవి తీసేశారు. యూరప్‌లో దాన్నే ప్రోబోటెక్టర్ అని పేరు మార్చి, మనుషుల బదులు రోబోలను పెట్టారు. నన్నడిగితే జపాన్‌దే అందం. కానీ దాని క్యాసెట్‌కు 60 పిన్నులు, అమెరికా మెషీన్‌కు 72, అడాప్టర్ లేకుండా కూర్చోదు.

అమ్మమ్మ వాళ్లింట్లో అటక మీద ఉన్న మన క్యాసెట్లు తెప్పించుకుందామా అని అడిగావు చూడు, వాటిదీ అదే ఇబ్బంది. అప్పట్లో మన బజార్లలో దొరికిన టీవీ గేములు ఎక్కువ భాగం ఫ్యామికామ్ నకళ్లే, క్యాసెట్లు కూడా 60 పిన్నులవే. 9999 ఆటలున్నాయని రాసిన దానిలో నిజానికి ఇరవై ముప్పై ఆటలే తిరిగి తిరిగి వస్తాయి. బజార్లో దాని విలువ సున్నా. హైదరాబాద్‌లో నువ్వు కొన్న అసలు ప్లేస్టేషన్ 2 (పీఎస్2) డిస్కులు కూడా మోసుకురాకు. అక్కడ అమ్మినవి పాల్ (PAL) అనే వేరే ప్రాంతపు పద్ధతి డిస్కులు, ఇక్కడి పీఎస్2 వాటిని తీసుకోదు. ఇక్కడ డిస్కు కొంటే మాత్రం వెనక్కి తిప్పి లైటుకు పట్టి చూడు. పైపై గీతలు ఫర్వాలేదు, గుండ్రంగా తిరిగిన లోతైన గీత ఉంటే వద్దు. లైటుకు అడ్డం పెడితే సూదిబెజ్జాల్లాంటి చుక్కలు కనిపించినా వద్దు.

కొన్నవి గ్యారేజీలో పెట్టకు. ఈ టెక్సాస్ వేడికి లేబుల్ జిగురు కరిగి జారుతుంది. నీ గదిలో, కిటికీ ఎండ పడని అలమరలో పెట్టు.

అడుగు మూత ఫొటో రాగానే నాకు పంపు. అది సరిగ్గా ఉంటే 140 నుంచి మొదలుపెట్టి బేరమాడు, 160 దాటొద్దు. అమ్మమ్మకు ఫోన్ చేసినప్పుడు మాత్రం అటక సర్దించే మాటొస్తే ఆ 9999 క్యాసెట్‌ను పాత సామాన్లవాడికి వెయ్యొద్దని చెప్పు. దాని వెనక నా పేరు పెన్నుతో రాసి ఉంటుంది.

మామయ్య