మేఫ్లవర్ వంశమని రుజువు చేసుకోవడం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని ఒహాయోలో స్థిరపడి అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికాకు వలస వచ్చినవారి సంతతి తమదని కోడలి నాయనమ్మగారు చెప్పేవారట. ఇంట్లో ఒక పాత వంశవృక్షం ఉంది గానీ దానికి ఆధారాలేవీ లేవు. మా మనవరాలి కోసం ఆ సంగతి నిర్ధారించుకోవాలని కోడలి కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి? డీఎన్‌ఏ పరీక్ష చాలదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ఓడ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టి, తన జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టమని మీ కోడలికి చెప్పండి. అక్కడి నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్తూ, ఫలానావారు ఫలానావారి బిడ్డ అని ప్రతి మెట్టులోనూ కాగితంతో రుజువు చేసుకోవాలి. ఆ ఓడలో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది, తాము స్థిరపడిన ప్లిమత్‌లో (నేటి మసాచుసెట్స్ రాష్ట్రం) మొదటి శీతకాలంలోనే చనిపోయారు. బతికి సంతానం కన్నవారి తొలి అయిదు తరాల వివరాలను, 1897లో ఏర్పడిన మేఫ్లవర్ వారసుల సంఘం ఆధారాలతో సహా సంపుటాలుగా ప్రచురించింది. అంటే సుమారు అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలం (1775–83) వరకు దారి చాలా మటుకు సిద్ధంగానే ఉంది. ఇటువైపు నుంచి 1850 దాకా వెళ్ళడం కూడా అంత కష్టం కాదు. కష్టమంతా ఆ రెంటి నడుమ ఉంది.

ఎందుకంటే 1790 నుంచి 1840 వరకు జరిగిన అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, తక్కినవారిని వయసుల వారీగా సంఖ్యల్లో చూపారు. స్వేచ్ఛగా ఉన్న ప్రతి ఒక్కరి పేరూ 1850లోనే మొదటిసారి నమోదైంది. బానిసత్వంలో మగ్గినవారికి అప్పుడు కూడా ఆ పాటి గుర్తింపు దక్కలేదు. సరిగ్గా ఆ అరవై ఏళ్ళలోనే మసాచుసెట్స్, కనెక్టికట్ కుటుంబాలు ఎన్నో పొలాలు వెతుక్కుంటూ ఒహాయో వైపు తరలిపోయాయి. ఒహాయో కౌంటీ కోర్టుల్లో జననమరణాల నమోదు 1867లో గాని మొదలు కాలేదు. పైగా పెళ్ళయ్యాక ఆడపిల్ల పుట్టింటి పేరు మారిపోతుంది కనుక జాడ తెగిపోయేది తరచుగా అక్కడే.

అందువల్ల ఈ కాలానికి వీలునామాలు, ఆస్తి పంపకాల కాగితాలు, భూమి దస్తావేజులు చూడాలి. తండ్రి తన వీలునామాలో పెళ్ళయిన కూతుర్ని అత్తింటి పేరుతో పేర్కొన్న ఒక్క వాక్యం రెండు కుటుంబాలను కలిపేయగలదు. స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పింఛను దరఖాస్తులు ఇంకా విలువైనవి: భర్త పింఛను కోసం పెళ్ళి రుజువు చూపవలసి వచ్చిన కొందరు వితంతువులు, ఇంటి బైబిల్లో పిల్లల పుట్టినరోజులు రాసుకున్న పేజీలనే చింపి దరఖాస్తుకు జతచేశారు. ఎంత దుఃఖంతో చింపి ఉంటారో గాని, ఆ పేజీలు ఈనాటికీ అమెరికా జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి.

పాత తేదీలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 1752కు ముందు ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కనుక 1691/92 ఫిబ్రవరి అని కనబడితే అది మన లెక్కలో 1692. అలాగే ఒకే ఊరి రికార్డుల్లో సీనియర్, జూనియర్ అని రాసినంత మాత్రాన తండ్రీకొడుకులని అనుకోకూడదు. ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అని చెప్పడానికి కూడా అలా రాసేవారు.

డీఎన్‌ఏ పరీక్ష దగ్గరి తరాల బంధుత్వాలను సరిచూసుకోవడానికి ఉపయోగపడుతుంది. పన్నెండు తరాల వెనుక లెక్క ప్రకారం 4,096 మంది పూర్వీకులుంటారు. వారిలో చాలామంది డీఎన్‌ఏ మనలో బొత్తిగా ఉండదు. అది కాగితానికి బదులు కాలేదు.

ఇంట్లో ఉన్న వంశవృక్షాన్ని సూచనగా మాత్రమే తీసుకోండి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో గుస్తావ్ ఆంజు అనే వ్యక్తి సంపన్న కుటుంబాలకు కల్పిత వంశావళులు తయారుచేసి అమ్మాడు. వాటి తప్పులు నేటికీ ఒకరి నుంచి ఒకరికి చేరుతూనే ఉన్నాయి. మేఫ్లవర్ అని చెప్పుకుంటూ వచ్చిన కథ, 1640 లోపు ఇంగ్లండు నుంచి ఆ ప్రాంతానికి వచ్చిన సుమారు 20,000 మంది వలసదారుల్లో ఒకరి దగ్గర తేలినా మీ మనవరాలికి అది తక్కువ వారసత్వం కాదు.

ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో చాలా రికార్డులు ఉచితంగా చూడవచ్చు. కోడలి బంధువుల్లో ఎవరైనా ఆ వారసుల సంఘంలో ఇదివరకే సభ్యులేమో ముందుగా కనుక్కోండి. ఉంటే, వారి వంశంతో కలిసే తరం దాకా రుజువులు సేకరిస్తే చాలావరకు పని పూర్తవుతుంది.