కలకత్తాలో కెమెరా పట్టబోయే మేనకోడలికి

అమ్మలూ,

దసరా సెలవులకు కలకత్తా వెళ్తున్నావనీ, వీధుల్లో ఫోటోలు తీస్తావనీ మీ అమ్మ చెప్పింది. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసినన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, లోకల్ ఎక్కి హౌరాలో దిగేవాణ్ణి. ఆ చనువుతో రాస్తున్నాను.

నీ జాబితా చూశాను. విక్టోరియా, కాలేజీ స్ట్రీట్, కుమార్‌టులి, కాళీఘాట్, ట్రాములు, అన్నీ రెండు రోజుల్లోనే! ట్రాములు చాలా దారుల్లో ఆగిపోయాయిలే. మిగతావి కూడా కొట్టేయ్. హౌరా వంతెన కింద, కలకత్తా ఒడ్డున ఉన్న మల్లిక్ ఘాట్ పూలబజారుకే రెండు పొద్దులూ వెళ్లు. ఊరంతా తిరిగితే ఊరి గుర్తులు దొరుకుతాయి గానీ మనుషులు దొరకరు.

పెందలాడే లేవాలి. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. కలకత్తా దానికి బాగా తూర్పున ఉంది. అక్టోబరులో 5.30 దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు. సాయంత్రం 5.15కల్లా హౌరా వైపు దిగిపోతాడు కూడా. కోలాఘాట్, పాంశ్‌కుఢా చుట్టుపక్కల పండే పూలు మా లైను రైళ్లలోనే హౌరా చేరేవి. అక్కడినుంచి తట్టలు నెత్తికెత్తుకుని వంతెన దాటేవాళ్ల వెనకే నడువు, బజారు దారి అడగనక్కర్లేదు. వంతెన మీద మాత్రం కెమెరా తీయకు, పోలీసులు ఒప్పుకోరు.

వెళ్లగానే ఫోటోలు మొదలెట్టకు. మట్టి పిడతలో టీ తాగుతూ కాసేపు చూడు. పరదాల సందుల్లోంచి ఎండ ఎక్కడ పడుతోందో, బరువులు ఏ మలుపులో నెమ్మదిస్తున్నాయో కనిపెట్టు. అక్కడ గోడకు ఆనుకుని నిలబడు, నువ్వు వెతుక్కుంటూ పోనక్కర్లేదు, వాళ్లే ఆ వెలుగులోకి వస్తారు. నెత్తిన అంత మోత ఉన్నవాడు ఆగలేడు, పక్కకు చూడలేడు. దారి నువ్వే ఇవ్వాలి. కింద రేకులూ బురదా కలిసి జారుతుంది, చెప్పులు వద్దు, బూట్లు వేసుకో.

లెన్సు 35 మి.మీ. ఒక్కటి చాలు. దూరంనుంచి దొంగచాటుగా లాగే జూమ్ నాకు నచ్చదు. నడిచేవాళ్లకు షట్టరు సెకనులో 1/500 వంతు పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) ఆటోలో వదిలెయ్. అసలు చిక్కు బంతిపూలతో. ఎండ తగిలితే ఆ నారింజ రంగు కెమెరాకు అందదు, రేకులన్నీ ఒక ముద్దయిపోతాయి. ఎక్స్‌పోజరు ఒక స్టాపు, అంటే వెలుగు సగానికి, తగ్గించు. ఫోనుతో తీసినా అంతే.

కూర్చుని దండలు కట్టేవాళ్లను దగ్గరగా తీయాలంటే అడుగు. "దాదా, ఛొబి తుల్‌బో?" అంటే చాలు, ఆడవాళ్లయితే "దీదీ" అను. చెయ్యి ఊపి వద్దంటే కెమెరా దించి నవ్వెయ్, బతిమాలకు. ఘాట్ మెట్ల మీద స్నానం చేసే ఆడవాళ్ల జోలికి వెళ్లకు. అందరికీ కనిపించే చోటే కదా అని వాదిస్తావని తెలుసు. నాతో ఆ వాదన సాగదు.

చేతిరిక్షాల విషయం ఒకటుంది. ఆ ఊరనగానే వంగిన వీపునీ చెమటనీ వెతికే ఫోటోగ్రాఫర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మనిషి కిరాయి బేరమాడతాడు, నోట్లు లెక్కపెట్టుకుంటాడు, ఎదుటివాడి మాటకు పడీపడీ నవ్వుతాడు. అవి తియ్యి. అవి దొరక్కపోతే అసలు తీయకు.

మొదటిరోజు నీతో బాగా మాట కలిపినవాళ్ల ఫోటోలు ఏదైనా స్టూడియోలో ప్రింటు వేయించి, మర్నాడు తీసుకెళ్లి ఇవ్వు. రెండు పొద్దులూ అక్కడికే పొమ్మన్నది సగం ఇందుకే. ప్రింటు చేతికందాక పక్క కొట్టువాడు తనంతట తనే పిలుస్తాడు.

తిరిగొచ్చాక ఏరి కూర్చినవి నాకొద్దు. తీసినవన్నీ తీసిన వరసలోనే పంపు, పాడైనవాటితో సహా. ఎక్కడ ఓపికగా నిలబడ్డావో, ఎక్కడ తొందరపడ్డావో అందులోనే తెలుస్తుంది.

మీ మామయ్య