కవాట కణాల పని మొదలుపెట్టే ముందు

చిరంజీవి శ్రావణికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోడి పిండం గుండెలో కవాటాలు కాబోయే కణాలను తీసి, వాటిలో కొన్ని మృదులాస్థి తీరుగా, కొన్ని స్నాయుబంధనం (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) తీరుగా ఎలా మారతాయో చూడబోతున్నావని తెలిసి ఎంత సంతోషించానో! ముప్ఫై ఏళ్లు ఆ బల్ల ముందే కూర్చున్నవాణ్ని. పుస్తకాల్లో ఉన్నది నీకెలాగూ వచ్చు. చేతికీ కంటికీ పట్టుబడాల్సిన సంగతులే రాస్తున్నాను.

గుడ్లను 38 డిగ్రీల దగ్గర పొదిగిస్తావు కదా, గంటల లెక్కను మాత్రం నమ్మకు. ఒకే ట్రేలో పెట్టిన గుడ్లే ఒకటి ముందు, ఒకటి వెనక నడుస్తాయి. 1951లో హాంబర్గర్, హామిల్టన్ కోడి పిండం ఎదుగుదలను 46 దశలుగా విడగొట్టి ఇచ్చారు. రెక్క మొగ్గ, కాలి మొగ్గ ఆకారం చూసి దశ తేల్చుకో. నీకు కావలసింది 25వ దశ, అంటే సుమారు నాలుగున్నర రోజుల పిండం.

ఆ దశే ఎందుకో మనసుకు పట్టించుకో. అంతకు ఒకటి రెండు రోజుల ముందు, కర్ణికకూ జఠరికకూ మధ్య ఇరుకు దారిలో, లోపలి పొర అయిన ఎండోకార్డియం నుంచి కొన్ని కణాలు పక్క కణాల పట్టు వదిలించుకుని కింద ఉన్న జెల్లీలోకి దిగుతాయి. ఆ జెల్లీలో ముఖ్యమైనది హయలూరోనన్. దాన్ని తయారుచేసే హాస్2 జన్యువు లేని ఎలుక పిండాల్లో ఈ దిగడమే జరగదు. 25వ దశకల్లా ఆ జెల్లీ ఉబ్బులు, అంటే కవాటాలు కాబోయే మెత్తలు, కణాలతో నిండుతాయి. అయినా ఏ కణం ఏమవ్వాలన్నది ఇంకా గట్టిపడదు. నువ్వు ప్రశ్న అడగాల్సిన సమయం అదే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ కణాల తీరు చాలావరకు వాటి పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. రన్యన్, మార్క్వాల్డ్ 1983లో కొల్లాజెన్ జెల్ మీద గుండె ముక్కలు పెట్టి చూపించింది ఈ సంగతే. ఆ ఇరుకు దారిలోని ఎండోకార్డియానికి అక్కడి గుండె కండరం తోడుంటేనే కణాలు జెల్ లోకి దిగాయి. జఠరిక ముక్క పెడితే దిగలేదు.

నేను దీన్ని చదివాను, పరీక్షలో రాశాను, కానీ బల్ల దగ్గర మరిచిపోయాను. మొదటి ఏడు నా కంట్రోల్ గిన్నెల్లో, అంటే పోలిక కోసం ఉంచిన వాటిలో, ఏ మందూ వేయకుండానే మృదులాస్థి దారిని చూపే సాక్స్9 జన్యువు పెరుగుతూ వచ్చింది. రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. ఒకరోజు మైక్రోస్కోపు కింద ఊరికే చూస్తూ కూర్చుంటే కణాల ముద్ద అంచున ఏదో అదిరింది. ఆగింది. మళ్లీ అదిరింది. గుండె కండరం పీలిక! నేను సరిగా గీకలేదు, అది అక్కడే కూర్చుని కొట్టుకుంటోంది. ఆ కండరమే బీఎంపీ2 అనే సంకేత ప్రోటీన్‌ని విడుదల చేస్తుంది. నేను కొలవాలనుకున్న సంకేతాన్ని నా కంట్రోల్ కి నేనే వడ్డించానన్నమాట. ఆ రెండు నెలల పనీ పారబోశాను.

అందుకని నీకు చెప్పేదేమిటంటే, టంగ్‌స్టన్ సూదితో కండరాన్ని గీకేశాక ముక్కలను చల్లని సెలైన్‌లో చూసి సరిపెట్టుకోకు. చలికి కండరం కొట్టుకోవడం ఆపేస్తుంది, మనం శుభ్రమైపోయింది అనుకుంటాం. గోరువెచ్చని ద్రవంలోకి మార్చి, కొన్ని నిమిషాలు కన్ను కదపకుండా చూడు. ఏ మూల అదిరినా ఆ ముక్కను పక్కన పెట్టెయ్.

అసలు ప్రయోగం తీరు నీకు తెలిసిందే. లింకన్, యుట్జీ బృందం 2006లో చూపినట్టు, బీఎంపీ2 ఇస్తే సాక్స్9, అగ్రికాన్ పెరుగుతాయి. అది మృదులాస్థి దారి. ఎఫ్‌జీఎఫ్4 అనే మరో సంకేత ప్రోటీన్ ఇస్తే స్క్లెరాక్సిస్, టెనాసిన్ పెరుగుతాయి, అది స్నాయుబంధనం దారి. పిండం కాళ్లూ రెక్కల్లో పనిచేసే జన్యువులే గుండెలోనూ పనిచేయడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. కవాటం రెక్క రక్తం తాకిడికి నలగకూడదు, దాన్ని కిందనుంచి పట్టి ఉంచే తాళ్లు లాగుడికి తెగకూడదు. ఒకదానికి మృదులాస్థి గుణం, మరోదానికి స్నాయుబంధనం గుణం.

కానీ నోట్‌బుక్‌లో "మృదులాస్థి అయింది" అని మాత్రం రాయకు. "మృదులాస్థి లాంటి గుణాలు వచ్చాయి" అని రాయి. ఆరోగ్యంగా ఉన్న కవాటం మృదులాస్థి కాదు, కాకూడదు కూడా. ఒక్క సాక్స్9 చూసి తీర్పు చెప్పకు, అగ్రికాన్ ప్రోటీన్ కణాల చుట్టూ నిజంగా పేరుకుందో లేదో రంగు వేసి చూడు. గిన్నెలో కనిపించిన ప్రతిదాన్నీ పిండాన్ని పలచగా కోసిన పొరల్లోనూ వెతుకు. గట్టి ప్లాస్టిక్ మీద ఈ కణాలు ఎక్కువ రోజులుంటే వాటి స్వభావమే మారుతుంది, కాబట్టి తాజా కణాలతోనే పని ముగించు.

రన్‌ఎక్స్2ని కూడా జాబితాలో చేర్చు. అది ఎముక దారి జన్యువు. వయసు మీరినవారిలో అయోర్టిక్ కవాటం కాల్షియం పట్టి బిగుసుకుపోయినప్పుడు ఆ కణాల్లో కనిపించేది ఇదే. పిండంలో పని పూర్తయి సద్దుమణిగిన దారులు ముసలితనంలో మళ్లీ ఎందుకు తెరుచుకుంటాయో నాకు పట్టుకోవాలని ఉండేది, వయసు చాలలేదు. నీ ముక్కల్లో అది కనిపించినా, కనిపించకపోయినా రాసి పెట్టు.

మొదటి విడత కాగానే ఫొటోలు పంపు. బీఎంపీ వేసినవి తర్వాత చూస్తాను. ముందు కంట్రోల్ గిన్నెలవి, వీలైతే ఒక్కోదానికి నిమిషం వీడియో.

ఇట్లు,
నీ మాస్టారు