విపత్తు తర్వాత మళ్లీ కట్టే ఇళ్లకు కాంక్రీటునే తప్పనిసరి చేయాలా?

మట్టి, రాయి, కొయ్యతో కట్టుకుంటామంటే స్థానిక నిబంధనలు ఒప్పుకోవాలా, లేక కాంక్రీటుకే అనుమతివ్వాలా అని అడిగారు. ఒప్పుకోవాలనే అంటాను, అయితే షరతులు గట్టిగా ఉండాలి.

సివిల్ ఇంజినీరుగా భూకంపం తర్వాతి పునర్నిర్మాణంలో పనిచేశాను. కూలిన రాతి ఇళ్లలో మళ్లీ మళ్లీ చూసింది ఒకటే: గోడ లోపలి వరసనూ బయటి వరసనూ కలిపే పొడవు రాళ్లు లేవు, మూలల్లో గోడలకు పట్టు లేదు. లోపం రాయిలో కాదు, కట్టుబడిలో ఉంది. ఆ మాటకొస్తే క్యూరింగుకు, అంటే పోసిన కాంక్రీటును రోజుల తరబడి తడుపుతూ ఉంచడానికి, నీళ్లే దొరకని చోట హడావిడిగా పోసిన కాంక్రీటు పిల్లర్లంటేనే నాకు ఎక్కువ భయం.

పాకిస్థాన్‌లో 2005 భూకంపం తర్వాత ఈ ప్రశ్నే ఎదురైంది. ప్రభుత్వం మొదట సిమెంటు, ఇనుము వాడే నమూనాలకే మొగ్గు చూపింది. ఆ సామాను కొండల మీదికి చేర్చాలంటే ఖర్చు తడిసిమోపెడు. జనం మాత్రం కొయ్య చట్రంలో రాళ్లూ మట్టీ నింపే పాత పద్ధతిలో కట్టుకున్నారు. దాన్ని ధజ్జీ దేవారీ అంటారు. చట్రం కొంత ఊగుతూ కుదుపును తట్టుకుంటుంది. 2006లో అధికారులు దాన్నీ ఆమోదించారు. నేపాల్‌లో 2015 భూకంపం తర్వాతి నమూనాల్లో మట్టి అడుసుతో కట్టే రాతి ఇళ్లకూ చోటిచ్చారు, కాకపోతే గోడలన్నిటినీ కలిపి పట్టి ఉంచే బ్యాండ్లు, అంటే చుట్టూ అడ్డంగా వేసే పట్టీలు, ఉండాలి. అక్కడ సాయం 3 లక్షల నేపాలీ రూపాయలు, మూడు విడతల్లో. తనిఖీ అయ్యాకే తర్వాతి విడత.

నా దృష్టిలో అసలు కీలకం ఈ విడతల దగ్గరే ఉంది. నిబంధన ఎంత బాగా రాసినా, ప్లాస్టరింగ్ అయ్యాక వచ్చే అధికారికి కనిపించేది నున్నటి గోడే. పునాది దగ్గర ఒకసారి, తలుపులు, కిటికీల పైన వచ్చే లింటెల్ బ్యాండు మూయకముందు ఒకసారి చూడాలి. ఆ రెండు తనిఖీలు ఆలస్యమైతే వానలు ముంచుకొస్తున్నాయని ఇంటివాళ్లు ఆగకుండా కట్టేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

వరద ప్రాంతమైతే లెక్క వేరు. అక్కడ గోడ దేంతో కట్టారన్న దానికంటే ముందు ఇంటి నేలమట్టం ఎంత ఎత్తున ఉందో చూడాలి. మట్టి గోడ అడుగు భాగం నానితే పైన ఎన్ని బ్యాండ్లున్నా దండగే.

మీరు స్థానిక నిబంధనల ముసాయిదాపై అభ్యంతరాలు పంపేటట్టయితే, పదార్థాల జాబితా బదులు ఒక్కో కట్టుబడికీ గోడ మందం, ఎత్తు, అంతస్తుల పరిమితి, బ్యాండ్ల వివరం బొమ్మలతో ఇవ్వమని అడగండి. మేస్త్రీలు చదివేది ఆ బొమ్మలనే.