పాత షెవర్లే ఇంజిన్‌లో డిప్‌స్టిక్ ట్యూబ్ బిగించడం ఎలా?

డిప్‌స్టిక్ అంటే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అది దూరే గొట్టమే ఈ ట్యూబ్. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్)లో ఈ ట్యూబ్‌కి మరలుండవు, ఇంజిన్ బ్లాక్ రంధ్రంలో బిగుతుగా దిగాలి. 1980కి ముందు ఇంజిన్లలో అది డ్రైవర్ వైపు (అమెరికా కార్లలో ఎడమ వైపు) ఉంటుంది, తర్వాతివాటిలో అవతలి వైపు. కొనేముందు చూసుకోండి.

రంధ్రం శుభ్రంగా తుడిచి, ట్యూబ్ కొసకి పల్చగా సీలెంట్ రాయండి. పై అంచు మీద మాత్రం సుత్తి వేయకండి, మూతి నలిగితే పుల్ల దూరదు. కింద ఉబ్బెత్తుగా ఉన్న మెడ మీద ఓపెన్ స్పానర్ ఆనించి, దాన్ని మెల్లగా తట్టండి. మెడ బ్లాక్‌కి ఆనగానే ఆపి, బ్రాకెట్ బోల్టు వేయండి. లేదంటే వైబ్రేషన్‌కి మళ్ళీ ఊడుతుంది.

పుల్ల ఆ ట్యూబ్‌కి జోడైనదే కావాలి. పొడవు తేడా వస్తే ఆయిల్ లెవెల్ తప్పు చూపిస్తుంది, అదే అసలు ప్రమాదం. మామూలు పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అయితే ఫిల్టర్‌తో కలిపి సుమారు 4.7 లీటర్లు పోసి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగాక గుర్తు సరిచూడండి.