జన్యుమార్పిడి వరా, జన్యుసవరణ వరా?

సందేహం: హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన ‘కమల’ను ఒక వార్తలో ‘జన్యుమార్పిడి వరి’ అన్నారు, మరో వార్తలో ‘జన్యుసవరణ వరి’ అన్నారు. ఇంకొకచోట ‘సంకర వంగడం’ అని చూశాను. మూడూ ఒకటేనా? మార్పిడి అనే మాట ఉండగా సవరణ ఎందుకు?

సమాధానం: మూడూ వేరు. కమలకు జన్యుసవరణ అన్నదే సరైన మాట.

మార్పు, మార్పిడి రెండూ ‘మారు’ నుంచి వచ్చినవే అయినా వాడుకలో ఎప్పుడో విడిపోయాయి. మనిషిలో మార్పు వచ్చిందంటాం కానీ మార్పిడి వచ్చిందనం. నోట్ల మార్పిడి, పంట మార్పిడి, కిడ్నీ మార్పిడి, వీటన్నిటిలో ఒకటి పోయి దాని చోట ఇంకొకటి వస్తుంది. సవరణలో అలా కాదు. రాజ్యాంగాన్ని సవరించినా అది ఆ రాజ్యాంగమే, లోపల కొన్ని మాటలు మారతాయి.

మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలోకి నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును చేర్చారు. అక్కడ కూడా ఒకటి తీసి ఇంకొకటి పెట్టలేదు, చేర్చారంతే. ఆ లెక్కన జన్యుమార్పిడి పూర్తిగా అతికే మాట కాదు. అయినా బయటి జన్యువు ఉన్న పంట అనే అర్థంలో జనం నోట నలిగి స్థిరపడింది. దాన్నిప్పుడు కదిలించనక్కర్లేదు.

2025 మే నెలలో ప్రకటించిన కమలకు మూలం సాంబమసూరి, అంటే బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204. కంకిలో గింజల సంఖ్య పెరగడానికి సైటోకైనిన్ అనే హార్మోను తోడ్పడుతుంది. దాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైముకు మూలమైన జన్యువు కూడా వరిలోనే ఉంది. జన్యువును కోరుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో ఆ జన్యువు పని తగ్గేలా చేశారు. దాంతో హార్మోను నిలిచి, గింజలు పెరిగాయి. క్రిస్పర్ పరికరాన్ని మొక్కలోకి పంపడానికి మొదట బయటి జన్యువును వాడతారు కానీ, తర్వాతి తరాల్లో అది లేని మొక్కల్నే ఏరి ఉంచుతారు.

అందుకే నన్ను నామవాచకాల కంటే క్రియలే ఎక్కువ కలవరపెడతాయి. కమల గురించి ‘అధిక దిగుబడినిచ్చే జన్యువును చొప్పించారు’ అని రాస్తే, ముందు జన్యుసవరణ అని ఎంత సరిగ్గా రాసినా చదివేవాళ్లకు అబద్ధమే చేరుతుంది. చేర్చారా, తీసేశారా, పని తగ్గించారా? ఈ ముక్క తేల్చని వార్త అసలు సంగతి చెప్పనట్టే. ‘జన్యుపరంగా మార్పు చెందిన పంట’ అన్నదీ ఇలాంటిదే. చెందింది అంటే తనంతట తాను మారినట్టు ఉంటుంది. చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి ‘మార్పు చేసిన’ అనాలి.

సంకరం వేరే సంగతి. ఒక రకం పుప్పొడిని మరో రకం పువ్వుకు అంటించి చేసేది అది. రైతులు హైబ్రిడ్ అంటారు, మనమూ అలాగే అనడం మేలు. సాంబమసూరికే 2008లో మెరుగుపరచిన రూపం ఒకటి వచ్చింది. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు అందులోకి వేరే వరి రకాల నుంచే వచ్చాయి. అయితే వచ్చింది సంకరణ ద్వారా. ఏ మొక్కలో అవి ఉన్నాయో ల్యాబులో గుర్తుపట్టి ఏరుకున్నారు. దాన్ని జన్యుమార్పిడి అనకూడదు, జన్యుసవరణ అనీ అనకూడదు.

ఒక్క జాగ్రత్త. సవరణ అనగానే తప్పు దిద్దినట్టు, మంచే జరిగినట్టు వినిపిస్తుంది. సాంబమసూరిలో దిద్దాల్సిన తప్పేమీ లేదు. పైగా బయటి జన్యువు మిగలని సవరణ పంటలకు 2022లో కేంద్రం జన్యుమార్పిడి పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుపై అభ్యంతరాలూ ఉన్నాయి. మాట తియ్యగా ఉందని ఆ వాదన తీరిపోయినట్టు రాయకూడదు, జనం భయపడాలని సవరణను మార్పిడిగానూ రాయకూడదు.

ఇక జన్యుసవరణ సమాసం కాబట్టి కలిపి రాయండి. ‘జన్యుసవరిత’ లాంటి ప్రయోగాలు వద్దు. ‘జన్యువును సవరించిన వరి’ అంటే అందరికీ తెలుస్తుంది.