ముందు మీ సంగతి వాడికి చెప్పండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మా అబ్బాయికి 7 ఏళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా వారంలో నాలుగైదు రాత్రులు పక్క తడుపుతూనే ఉన్నాడు. చదువులో చురుకైనవాడే కాబట్టి ఇది బద్ధకం, మొండితనం తప్ప మరొకటి కాదని నా నమ్మకం. తడిసిన బొంతను వాడి చేతనే డాబా మీదికి మోయించి ఆరవేయిస్తున్నాను. నలుగురిలో సిగ్గుపడితేనైనా మారతాడని సంక్రాంతికి జగిత్యాల నుంచి వచ్చిన మా అక్క పిల్లల ముందు కూడా ఈ సంగతి చెప్పాను. నా భార్య మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నాకు తెలియకుండా దుప్పట్లు మార్చేస్తోంది. మా నాన్న బెల్టు తీస్తే మేము వణికిపోయేవాళ్లం, అందుకే మాకు క్రమశిక్షణ అలవడింది. (నేను కూడా ఐదో తరగతి దాకా పక్క తడిపానని మా అమ్మ అంటుంది కానీ, నాకు అంతగా గుర్తు లేదు.) గారాబం వల్ల పిల్లవాడు చెడిపోతున్నాడని నా భార్యకు ఎలా నచ్చజెప్పాలి? తెలిసినవారొకరు బొడ్డు పక్కన వాత పెట్టిస్తే తగ్గుతుందంటున్నారు. అది మంచిదేనా?

— ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పి వాటిని పక్కన పెడతాను. వాత పెట్టించవద్దు. అది వైద్యం కాదు, పిల్లవాడిని కాల్చడం. పిల్లల పట్ల క్రూరత్వాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషిని మరోసారి ఈ విషయంలో మీ గడప తొక్కనివ్వకండి. ఇక మీ భార్యకు నచ్చజెప్పవలసింది ఏమీ లేదు. ఏళ్ల తరబడి నిద్ర చాలని ఆ తల్లి, మీ ఇంట్లో ఈ విషయమై సరైన పని చేస్తున్న ఒకే ఒక్క మనిషి. ఆమె చేస్తున్న పొరపాటు ఏదైనా ఉంటే అది మీకు తెలియకుండా చేయవలసి రావడమే, దానికి కారణం ఆమె కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది బ్రాకెట్ల మధ్య మీరు రాసిన వాక్యం. ఐదో తరగతి దాకా తడి పక్క మీద నిద్ర లేచిన మనిషికి ఆ తెల్లవారుజాములు గుర్తు లేవంటే నేను నమ్మలేకపోతున్నాను. మీకు బెల్టు గుర్తుంది కదా. ఆ బెల్టు ఎన్నిసార్లు ఎందుకోసం బయటికి వచ్చిందో కూడా గుర్తుండే ఉంటుంది. మీ అమ్మగారు ఆ మాట ఏ సందర్భంలో అన్నారో మీరు రాయలేదు కానీ, మనవడి మీద మీరు కేకలు వేస్తున్నప్పుడు వంటింట్లో నుంచి ఆమె "నువ్వు సుత గట్లనే పోసినవ్ గద కొడుకా" అని అడ్డుపడి ఉంటారని నాకు అనిపిస్తోంది. ఆ మాటను మీరు విన్నారు, ఉత్తరంలో రాశారు, అయినా బ్రాకెట్లలో పెట్టి దాటిపోయారు. నా దృష్టిలో మీ ఇంటి సమస్య మీ భార్యకూ మీకూ మధ్య లేదు, మీ కొడుకుకూ మూత్రాశయానికీ మధ్య కూడా లేదు. తండ్రిగా మీరు ఆ పిల్లవాడిలో చూస్తున్నది మిమ్మల్నే. ఆనాడు మీరు పడిన సిగ్గును ఈనాడు వాడి నెత్తిన పెడుతున్నారు.

ఒక్క లెక్క మీరే వేసి చూడండి. మీ ఇంట్లో ఆ బెల్టు మీ మొదటి తరగతిలోనూ ఉంది, నాలుగో తరగతిలోనూ ఉంది. భయమే మందు అయి ఉంటే మీ పక్క మొదటి తరగతిలోనే ఆరిపోవలసింది, ఐదో తరగతి దాకా ఎందుకు సాగింది? ఏ చికిత్సా లేకుండానే ఇటువంటి పిల్లల్లో ఏటా నూటికి సుమారు పదిహేనుమందికి ఈ అలవాటు దానంతట అదే పోతుంది. మీకు కూడా అలాగే, మీ శరీరం ఎదిగినప్పుడు పోయింది. కానీ అది మీ నాన్నగారి గొప్పతనంగా మీ మనసులో నిలిచిపోయింది. నిద్రపోతున్న పిల్లవాడికి క్రమశిక్షణ ఉండదు. మెలకువగా ఉన్నప్పుడు చేసిన తప్పుకే శిక్ష అనే మాటకు ఏదైనా అర్థం ఉంటుంది, తానేం చేశాడో తెల్లవారాక గానీ తెలియని పిల్లవాడిని శిక్షించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు జరుగుతున్నదేమిటో చెబుతాను. వైద్యులు 5 ఏళ్లు దాటేదాకా పక్క తడపడాన్ని సమస్యగానే లెక్కించరు. 5 ఏళ్ల పిల్లల్లో నూటికి పదిహేనుమంది దాకా పక్క తడుపుతారు, పదేళ్లు వచ్చేసరికి కూడా ఐదుగురి దాకా మిగులుతారు, వారిలో ఆడపిల్లల కంటే మగపిల్లలు ఎక్కువ. మామూలుగా రాత్రివేళ మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలై, మూత్రపిండాలు తయారుచేసే మూత్రాన్ని తగ్గిస్తుంది. కొందరు పిల్లల్లో ఈ ఏర్పాటు ఆలస్యంగా కుదురుతుంది. 7 ఏళ్ల పిల్లవాడి మూత్రాశయం పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసుడు. రాత్రి అంతకంటే ఎక్కువ తయారైతే అది నిండిపోతుంది. నిండిన సంగతి నిద్రలో ఉన్న మెదడుకు అందితే పిల్లవాడు లేస్తాడు, అందకపోతే పక్క తడుస్తుంది. మీవాడికి అందడం లేదు, అంతే. చదువులో చురుకుదనానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇది కుటుంబాల్లో దిగివస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నతనంలో ఈ ఇబ్బంది ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి నలభై దాకా ఉంటుంది, ఇద్దరికీ ఉంటే డెబ్బై దాటుతుంది. మీ కొడుకు మీ ముక్కు, మీ నడక తెచ్చుకున్నట్టే దీన్నీ మీ నుంచి తెచ్చుకున్నాడు. ఆ సంగతి దాచిపెట్టి వాడిని దోషిగా నిలబెట్టడం ఎంత అన్యాయమో నేను చెప్పనక్కర లేదు.

సంక్రాంతినాడు మీరు చేసిన పని నన్ను ఎక్కువగా బాధపెట్టింది. మేనత్త పిల్లలంటే మన ఇళ్లలో ఆటకూ పోటీకీ అల్లరికీ జీవితాంతం తోడుండేవాళ్లు. వాళ్ల ముందు వాడి గుట్టు మీరు విప్పారు. 7 ఏళ్ల పిల్లవాడికి మానం ఉండదని పెద్దలు అనుకుంటారు కానీ, నాకు తెలిసినంతలో మన జీవితంలో అభిమానం అతి సున్నితంగా ఉండేది ఆ వయసులోనే. డాబా మీద బొంత మోయించడం కూడా అటువంటిదే. తడిసిన బట్టలు తీయడంలో పిల్లవాడు చేయి వేయడం మంచిదే, కానీ అది మీరిద్దరూ కలిసి మాట్లాడుకుంటూ చేసే ఇంటిపనిగా ఉండాలి, వీధి చూస్తుండగా చేసే ఊరేగింపుగా ఉండకూడదు. నా చిన్నతనంలో మా తమ్ముడు ఎనిమిదేళ్ల దాకా పక్క తడిపాడు. మా నానమ్మ ప్రతి రాత్రీ వాడి కింద పాత చీరలు నాలుగు మడతలు వేసి పరిచేది, పొద్దున్నే వాటిని తీసి బావి దగ్గర జాడించేది. మా ఇంట్లో ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. ఆ మౌనం ఎంత పెద్ద మర్యాదో ఈ ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

ఇక చేయవలసిన పనులు. ముందుగా పిల్లల వైద్యుడికి చూపించండి. వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది, లేదా మీకు నమ్మకమున్న ఏ వైద్యుడైనా సరే. మామూలు మూత్ర పరీక్షతో ఇన్ఫెక్షను, చక్కెర సంగతి తేలిపోతుంది. పగలు కూడా బట్టలు తడుపుతున్నాడా, మూత్రం పోసేటప్పుడు మంట అంటున్నాడా, విపరీతంగా దాహమై బరువు తగ్గుతున్నాడా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నాడా అన్నవి గమనించి వైద్యుడికి చెప్పండి. ఆరు నెలలకు పైగా పక్క ఆరి ఉండి మళ్లీ మొదలైన పిల్లల విషయంలో మనసులోని దిగులో, కొత్త జబ్బో వెతకవలసి ఉంటుంది. మీవాడు ఎన్నడూ పూర్తిగా ఆరలేదు కాబట్టి ఇది ఎదుగుదల ఆలస్యమే అయి ఉండే అవకాశం ఎక్కువ. మలబద్ధకం ఉందేమో తప్పక అడగండి. పేగు చివర గట్టిపడిన మలం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, ఆ ఒక్కటీ సరిచేస్తేనే పక్క ఆరిన పిల్లలు ఎందరో ఉన్నారు.

నీళ్ల సంగతి చాలామంది తల్లిదండ్రులు తలకిందులుగా చేస్తారు. రోజంతా నీళ్లు మానిపించడం తప్పు, వరంగల్ ఎండలో అది ప్రమాదం కూడా. బడి నుంచి వచ్చిన పిల్లవాడి నీళ్ల సీసా తెరిచి చూడండి, నిండుగానే తిరిగి వస్తుంటుంది. బడి మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టం లేక పిల్లలు నీళ్లు తాగరు, వచ్చింది బిగబట్టుకుంటారు, ఇంటికి చేరాక సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది లోపల రోజంతటి దాహం తీర్చుకుంటారు. పొద్దున, మధ్యాహ్నం బాగా తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. చాయ్ పూర్తిగా మాన్పించండి. పగలు రెండు మూడు గంటలకొకసారి వెళ్లేలా బడిలో టీచరమ్మతో మీరే మాట్లాడండి, ఆ పని కూడా భార్య మీద వేయకండి. పడుకోబోయే ముందు ఒకసారి, పక్క మీదికి చేరాక మరోసారి లేపి పంపండి. మన పాత ఇళ్లలో చాలావాటికి బాత్‌రూము మెట్ల కింద, బయట ఉంటుంది. మీదీ అంతే అయితే ఆ చీకటికి ఏ పిల్లవాడైనా భయపడి ముడుచుకు పడుకుంటాడు. అక్కడ రాత్రంతా ఒక చిన్న బల్బు వెలగనివ్వండి. నువ్వులు, బెల్లం కలిపి ఉండలు పెట్టమని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బతుకమ్మకు మనమంతా తినేవే అవి, బలానికి మంచివి, పెట్టండి. అయితే పక్క ఆరడానికి వాటి మీద ఆధారపడకండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే తడి తగలగానే మోగే అలారం ఒకటి ఉంది. లోదుస్తులకో, పక్క గుడ్డకో అమర్చుతారు. రెండు మూడు నెలలు విడవకుండా వాడితే మూడింట రెండు వంతుల పిల్లలకు పని చేస్తుంది. అయితే దానిలో ఒక షరతు ఉంది. మొదటి వారాల్లో ఆ మోతకు ఇల్లంతా లేస్తుంది, పిల్లవాడు మాత్రం లేవడు. పక్కనే పడుకున్న పెద్దవారొకరు లేచి, వాడిని పూర్తిగా మేల్కొలిపి బాత్‌రూముకు నడిపించాలి. ఆ పెద్దవారు మీరే కావాలని నేను కోరుతున్నాను. వరుసగా పద్నాలుగు రాత్రులు ఆరిందాకా మీ భార్యను పక్క గదిలో నిద్రపోనివ్వండి. డెస్మోప్రెసిన్ అనే మాత్ర కూడా ఉంది, పెళ్లికో ప్రయాణానికో వెళ్లినప్పుడు బాగా పనికివస్తుంది. అది వేసుకునే గంట ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత దాకా నీళ్లు దాదాపు తాగకూడదు, కాబట్టి వైద్యుడు రాస్తేనే వాడాలి.

కానీ వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే, మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. వాడిని మీ పక్కన పడుకోబెట్టుకుని, ఎవరూ లేనప్పుడు, "నేను కూడా నీలాగే ఐదో తరగతి దాకా పక్క తడిపాను రా" అని చెప్పండి. అంతకుమించి నీతులు వద్దు, ఇక నువ్వు మానాలి అన్న మాట అసలే వద్దు. సంక్రాంతినాడు అందరి ముందు చెప్పడం తప్పయిందని కూడా అనండి. కొడుకు ముందు తప్పు ఒప్పుకుంటే తండ్రి చిన్నబోతాడని మన మగవాళ్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను చూసినంతలో అలా ఒప్పుకున్న తండ్రి మాటకే ఇంట్లో విలువ పెరిగింది. మీ అక్కగారికి ఫోను చేసి, పిల్లలు ఆ విషయం ఎత్తకుండా చూడమని విడిగా చెప్పండి. వేసవి సెలవుల్లో మీవాడు జగిత్యాల వెళ్లనంటే బలవంతం చేయకండి, వెళతానంటే రబ్బరు షీటు, రెండు జతల బట్టలు సంచిలో సర్ది మీ అక్క చేతికే ఇవ్వండి.

మీరు చెప్పాక వాడు వెంటనే ఏమీ అనకపోవచ్చు. ఒకటి రెండు రోజుల తర్వాత, స్కూటరు మీద వెళుతున్నప్పుడో అన్నం తింటున్నప్పుడో, "మరి తాత నిన్ను కొట్టిండా?" అని అడుగుతాడు. కొట్టాడని చెప్పండి. ఎలా అనిపించిందని అడిగితే అది కూడా చెప్పండి. నీకు ఎప్పుడు పోయింది నాన్నా అని అడిగితే, మీకు నిజంగానే గుర్తు లేకపోతే, ఇద్దరూ కలిసి నానమ్మ దగ్గరికి వెళ్లి కనుక్కోండి.